జాజు పట్టీ గోలేలు

పోయిన నెలలో మా బీరంగూడ కాలనీ సంఘం కుర్రాళ్లు ఇద్దరు ఇంటికొచ్చారు. వంటింటి చెత్తతో ఎరువు తయారుచేసే పథకం పెడుతున్నారట, ప్రతి అపార్ట్‌మెంటు కింద ఆకుపచ్చ డబ్బాలు పెడతారట. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి పనే చేశానని వాళ్లకెవరో చెప్పారు. ప్రారంభం రోజున నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నాలుగు మాటల్లో తెమిలేది కాదు నాయనా అన్నాను. అయితే రాసివ్వండి, మా పత్రికలో వేస్తాం అన్నారు, బహుశా నా నుంచి తప్పించుకోవడానికి. రాస్తున్నాను. చదివాక కూడా ప్రారంభానికి పిలవాలనిపిస్తే పిలవండి.

నేను ఇక్కడి పెద్ద కార్ఖానా టౌన్‌షిప్‌లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేశాను. మా మామగారు పెళ్లిచూపుల్లో ఇన్‌స్పెక్టరు అన్న మాట దగ్గరే సంతోషించి ఆగిపోయారు. దాని ముందున్న మాటకు అర్థం ఆయనకు పెళ్లయ్యాక తెలిసింది. చెత్త, మురుగు, దోమలు, ఈగలు, కుక్కలు, ఇవీ నా శాఖలు. కృష్ణా జిల్లా పల్లెటూరి నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి పేడ వాసన నాకు కొత్తేమీ కాదు.

అప్పట్లో ఇక్కడ ఈ భవనాలేవీ లేవు. గుట్ట, గుట్ట కింద బండరాళ్లు, జొన్న చేలు, వాటి మధ్య కంచె వేసి కట్టిన మా క్వార్టర్లు. క్వార్టర్లలో ఉండేది ఎక్కువగా మా కోస్తా జిల్లాల వాళ్లం. కంచె అవతల పటేల్‌గూడ దిక్కున ఉన్న పల్లెల్లో ఉండేది కార్ఖానా కోసం భూములు పోయినవాళ్లు. వాళ్లలో కొందరికి కార్ఖానాలో చిన్న ఉద్యోగాలొచ్చాయి, ఎక్కువమందికి రాలేదు. కొన్నేళ్ల ముందు ఇక్కడివాళ్లకూ కోస్తావాళ్లకూ జరిగిన గొడవల్లో మా క్వార్టర్ల లైన్ల మీద రాళ్లు కూడా పడ్డాయి. ఆ తరువాత రాళ్లు ఆగాయిగానీ మాటలు మొదలు కాలేదు. పాలు పోసే ఆడవాళ్లు తప్ప కంచె దాటి ఇటు వచ్చేవాళ్లు లేరు.

డెబ్బైల మొదట్లో మా టౌన్‌షిప్‌కు కొత్త ఆఫీసరు వచ్చాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఎరువుల కరువు రోజులవి, పొలాలకే దొరకని ఎరువు పార్కులకెవరిస్తారు? క్యాంటీన్‌లో మిగిలిన అన్నం, క్వార్టర్ల వంటిళ్ల తొక్కలు, ఆకులు అన్నీ గుంతల్లో వేసి మనమే ఎరువు చేద్దాం, దేశంలో మనదే నమూనా కావాలి అన్నాడు. ఆ పని నా నెత్తిన పెట్టాడు. నాకూ ఉత్సాహంగానే ఉంది. చెత్త మోయించడం కాకుండా చెత్తతో ఏదో చేయమని నాతో అన్న మొదటి మనిషి ఆయనే.

గుంతలు తవ్వించాం. ఒక వరస చెత్త, ఒక వరస పేడ, ఒక వరస మట్టి. అంతవరకు సులువే. చెత్త తెచ్చివ్వాల్సిన ఇళ్ల దగ్గరే కథ అడ్డం తిరిగింది. లైనుకొక ఇనప డ్రమ్ము పెట్టాం. ఆడవాళ్లు డ్రమ్ము దాకా వచ్చి, డ్రమ్ము పక్కన పోసి వెళ్లేవాళ్లు. మూత తాకితే ఎంగిలి, అందరి చెయ్యీ పడిన ఇనుము. మా ఆవిడే, ఇన్‌స్పెక్టరు భార్య, నా కళ్లముందే అలా పోసింది. అడిగితే, డ్రమ్ములో వేయాలంటే చెయ్యి రావడం లేదండీ అంది. ఇంట్లోనే గెలవలేనివాణ్ణి టౌన్‌షిప్‌లో ఏం గెలుస్తాను?

అప్పుడు వచ్చింది ఆమె.

ఆమెది కంచె అవతలి పల్లె. ముప్ఫై దాటి ఉంటాయి. మొగుడు లేడు, అత్త ఉంది. వాళ్ల ఎకరం మీద ఇప్పుడు కార్ఖానా గోడౌను ఉంది. ఒక బర్రె, దాని దుడ్డె, అంతే ఆమె ఆస్తి. పొద్దున్నే మా లైన్లలో పాలు పోసి, పోసిన ఇంట్లోనే గంజీ, బియ్యం కడిగిన నీళ్లూ, తొక్కలూ అడిగి బిందెలో నింపుకుని పోయేది. ఆ కుడితితోనే గేదె బతికేది. మా లైన్ల వాళ్లు ఆమెను కుడితామె అనేవాళ్లు. మేం డ్రమ్ములు పెట్టి, చెత్త ఎవరికీ ఇవ్వకూడదని చాటింపు వేసేసరికి ఆమె బిందె ఖాళీ అయింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను.

"సారూ, డ్రమ్ములెందుకు?" అంది. "గోలేలు వెట్టుండ్రి. గోలెం కనవడితే ఆడోళ్ల చెయ్యి దానంతటదే అటు వోతది."

ఈ తరం వాళ్లకు గోలెమంటే చెప్పాలేమో. వెడల్పు మూతి ఉన్న పెద్ద మట్టి తొట్టి. పాడి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒకటి ఉండేది, అందులోనే కుడితి. మా ఊళ్లోనూ అంతే, ఇక్కడా అంతే. తెలుగు ఆడదాని చెయ్యి పుట్టినప్పటి నుంచి అటే వెళ్తుంది. ఆమె చెప్పాక నాకు నవ్వొచ్చింది, ఇంత చిన్న సంగతి తట్టనందుకు. డ్రమ్ములు తీయించి, పటాన్‌చెరు దిక్కు కుమ్మరి దగ్గర గోలేలు చేయించి లైన్ల వెనకాల పెట్టించాను. ఒక్కమాట చెప్పనక్కర లేకుండా గోలేలు నిండాయి. ఆమెను నేనే మాట్లాడి మస్టర్ రోల్‌లో కూలీగా పెట్టించాను. గోలేలు ఎత్తి గుంతల్లో పోయడం ఆమె పని.

గోలెం కనిపించగానే గంజి కూడా పోశారు. అది ఇంకో తలనొప్పి. గంజి, కడుగు నీళ్లు గుంతలో పడితే కుళ్లు పట్టి పురుగు లేచింది. కంపు క్యాంటీన్ దాకా కొట్టింది. దానికీ ఉపాయం ఆమెదే. లైనుకు రెండు గోలేలు పెట్టించింది. ఒకటి ఆకులు, ఈనెలు, ఎండు తొక్కలకు, అది గుంతకు పోతుంది. రెండోది గంజికీ, మెత్తని తొక్కలకూ, అది పశువులకు పోతుంది. పశువుల గోలెం నడుముకు తనే జాజు మట్టితో ఎర్రగా ఒక పట్టీ పూసింది, గడపకు పూసినట్టు. శుక్రవారం నాడు మా లైన్లలో ఒకావిడ గడపకు పసుపు పెడుతూ పెడుతూ ఆ ఎర్ర పట్టీ మీద కూడా ఒక బొట్టు పెట్టడం నేను చూశాను.

ఆ ఏడాది చాలా బాగా జరిగింది. ఆ మాట ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది. గుంతలు చక్కగా మాగాయి. సాయంత్రమయ్యేసరికి పల్లె నుంచి ఆమె గేదెతో పాటు ఇంకో నాలుగైదు గేదెలు లైన్ల వెనకకు వచ్చేవి. వాటి వెనక ఆడవాళ్లు. జాజు గోలేల దగ్గర వాళ్లూ వీళ్లూ నిలబడి మాట్లాడుకునేవాళ్లు. మా ఆవిడ గేదె అంటే ఆమె బర్రె అనేది, ఇద్దరూ ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్లు. మా ఆవిడ ఆమె దగ్గర సర్వపిండి చేయడం నేర్చుకుని రెండు నెలల పాటు నన్ను ఆ సర్వపిండితోనే చంపింది. గొడవల తరువాత ఆగిపోయిన మాటలు కుడితి దగ్గర మళ్లీ మొదలవుతాయని ఎవరనుకున్నారు?

మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. దాని మీద ఇంకో ఏడు. జొన్న కంకి పట్టలేదు, చొప్ప లేదు. పల్లెల్లో పశువుల్ని సంతకు తోలేశారు. అమ్ముడుపోనివాటిని విప్పి వదిలేశారు. గుట్ట కింద ఎముకలు తేలిన ఆవులు పడి ఉండేవి. ఆమె గేదె ఒక్కటే కాస్త కండతో ఉంది, అదీ జాజు గోలేల చలవ. పైగా నిండు చూడితో ఉంది. ఈనితే మళ్లీ పాలు, పాలతో ఇల్లు. అది పోతే ఇంక ఏమీ లేదని అందరికీ తెలుసు. ఆమె దాన్ని తాడు పట్టుకుని నడిపిస్తూ, రోజూ నా ఆఫీసు ముందు నుంచే తీసుకెళ్లేది. ఒకసారి నేను ఎప్పుడీనుతుంది అని అడిగితే, వానొస్తే వానతోటి, లేకుంటే ఉగాదికి అంది.

కరువు ఏడు ఈగల ఏడు కూడా. లైన్లలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. గుంతల మీద, గోలేల మీద గమాక్సిన్ చల్లమని ఆఫీసరు నుంచి ఆజ్ఞ వచ్చింది. బూడిద రంగులో ఉండే పురుగు మందు పొడి, అప్పట్లో ప్రతిచోటా అదే. నేను వెళ్లి, గుంతల మీద చల్లుదాం, గుంత గోలేల్లో చల్లుదాం, జాజు పట్టీ ఉన్నవాటిలో మాత్రం పడకూడదు సార్, అవి పశువులు తాగేవి అన్నాను. ఆయన సరే అన్నాడు. మందు చల్లే మేస్త్రీని పిలిచి ఆయన ముందే చెప్పాను. ఈ మేస్త్రీ శ్రీకాకుళం మనిషి, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాడు, ఒక అక్షరం అటూ ఇటూ పోనివ్వడు. జాజు ఉన్నదాన్లో ఎయ్యను బాబూ అన్నాడు. వారానికోసారి అలాగే చల్లాడు. ఒక్కసారి కూడా తప్పు జరగలేదు.

ఇంతలో మన పథకం పేరు పైదాకా పోయింది. ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి కార్ఖానా చూడ్డానికి వస్తూ, మన గుంతలు కూడా చూస్తాడని కబురు. దానికి ముందు రోజు సంగారెడ్డిలో జిల్లా ఆఫీసర్ల సమావేశం ఉంటే, మన పథకం గురించి చెప్పమని నన్ను పంపించారు. ఇస్త్రీ బట్టలు వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను.

మన దేశంలో పెద్దమనిషి వస్తున్నాడంటే ఏం చేస్తారో మీకూ తెలుసు. నేటికీ అదే చేస్తున్నారు. చెట్ల మొదళ్లకు సున్నం, దారి పక్క రాళ్లకు సున్నం, ఎలక్ట్రిక్ స్తంభాలకు నడుము దాకా సున్నం. కదలనిది ఏది కనిపిస్తే దానికి సున్నం కొట్టి, కదిలేదాని చేత సెల్యూట్ చేయిస్తే మనకు పరిశుభ్రత పూర్తవుతుంది. ఆఫీసరు ఆ ఉదయం లైన్లు తిరిగి చూసి, ఈ తొట్లన్నీ మరకలతో అసహ్యంగా ఉన్నాయి, తెల్లగా కొట్టించండి అన్నాడట. సున్నం వాళ్లు వచ్చి అన్నిటికీ దిట్టంగా రెండు పూతలు వేశారు. మధ్యాహ్నం, రేపు పెద్దమనిషి ముక్కు మీద ఒక్క ఈగ వాలకూడదు, మందు చల్లించండి అన్నాడట. మేస్త్రీ మందు డబ్బా తీసుకుని బయల్దేరాడు.

ఆమె పొద్దున గోలేలు ఎత్తేసి, గడ్డి దొరుకుతుందేమోనని ఎండిపోయిన చెరువు అడుగుకు, శిఖంలోకి పోయింది. ఇవేవీ చూడలేదు.

నేను ఆ సమయానికి సంగారెడ్డిలో వేదిక మీద ఉన్నాను. గోలేల సంగతి చెప్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మన సంప్రదాయంలోంచే పరిష్కారం తీశారు అని ఒకాయన మెచ్చుకుని దండ వేశాడు. ఆ దండ సంచిలో పెట్టుకుని సాయంత్రం బస్సు దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ నా మొహం చూడకుండా, వెనక లైనుకు పొండి సార్ అన్నాడు.

లైన్ల వెనకాల జనం ఉన్నారు. తెల్లటి గోలేల మధ్య గేదె పడుకుని కాళ్లు కొట్టుకుంటోంది. నోటి వెంట నురుగు. ఒళ్లంతా అదురుతోంది. ఆమె దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పల్లె పెద్దాయన ఒకడు చింతపండు నీళ్లు పోస్తున్నాడు, అవి పక్కనుంచి కారిపోతున్నాయి. పశువుల డాక్టరు కోసం ఒకడు సైకిల్ మీద పటాన్‌చెరు పోయాడు. డాక్టరు వచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు.

జరిగింది ఇదీ. సాయంత్రం ఎప్పటిలాగే ఆమె గేదెను తోలుకొచ్చింది. గోలేలన్నీ తెల్లగా ఉన్నాయి, పండక్కి కొట్టినట్టు కొట్టిండ్రనుకుంది. ఏది పశువుల గోలెమో ఆమెకు గుర్తు అక్కర లేదు, పెట్టిన చోటు తెలుసు. తాడు పట్టుకుని తన చేత్తోనే తాపింది. పైన గంజి తెట్టు కట్టి ఉంది, కింద మందు ఉందని తెలియలేదు. గేదె కాళ్లు తడబడగానే ఆమెకు ఏదో అర్థమైంది. గేదెను వదిలేసి, వెనక వస్తున్న మిగతా పశువులకు అడ్డంగా పరుగెత్తి, గోలేల్లో మూతి పెట్టనీయకుండా కొట్టి తరిమింది. ఆమె వల్ల అవి బతికాయి. ఆ తరువాత తిరిగి తన గేదె దగ్గరికి వచ్చింది.

మేస్త్రీ ఒక గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. నన్ను చూసి లేవలేకపోయాడు. "జాజు ఉన్నదాన్లో ఎయ్యొద్దన్నారు బాబూ," అన్నాడు. "అన్నీ తిరిగాను. జాజు ఎక్కడా అగుపించలేదు." పెద్దవాడు, నాకంటే పదేళ్లు పెద్ద, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతన్ని ఏమనగలను?

మందు తిన్న పశువని తోలు తీసేవాళ్లు ముట్టుకోలేదు. కడుపులో దూడతో సహా గుట్ట కింద పాతిపెట్టించాం. గుంతలో సున్నం పోయాలి కదా, దానికి వెతుక్కోనక్కర లేకపోయింది. పొద్దుటి సున్నం మిగిలే ఉంది.

మర్నాడు పెద్దమనిషి వచ్చాడు. గోలేల పక్కనుంచి కారు మెల్లగా నడిపించారు. చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్లాడు.

పల్లె ఊరుకోలేదు. పెద్దలు వచ్చి కార్ఖానా గేటు దగ్గర కూర్చున్నారు. యూనియన్ వాళ్లూ వాళ్ల పక్కన చేరారు. విచారణ అన్నారు. ఆఫీసరు గదిలో ఆయన, నేను, మేస్త్రీ, పల్లె పెద్దాయన, ఆమె. ఆమె ఒక మూల నిలబడింది, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నేనప్పుడు కుడితిలో పడ్డ ఎలకలా ఉన్నాను. ఉద్యోగం ఇటు, ఆ గేదె అటు.

ఆఫీసరు హిందీలో, కొంచెం తెలుగులో అడుగుతూ పోయాడు. టౌన్‌షిప్ లోపలికి పశువుల్ని తోలుకురావడానికి అనుమతి ఎవరిచ్చారు? నేనే అన్నాను. చెత్త పశువులకు పెట్టమని పథకంలో ఎక్కడుంది? లేదు, నేనే ఒప్పుకున్నాను అన్నాను. ఆయన ఎటు లాగుతున్నాడో నాకర్థమైంది. డ్రమ్ములు తీయించి తొట్లు పెట్టమన్న ఆలోచన ఎవరిది అన్నాడు. ఆయన చూపు ఆమె మీద ఉంది. ఆ ఆలోచన ఆమెదని తేలితే, తన గేదెను మేపుకోవడానికే ఈ ఎత్తు వేసిందని రాసి, పాపం ఆమె నెత్తిన రుద్ది ఫైలు మూసేయొచ్చు. ఆమె ఉన్న కూలీ పని కూడా పోతుంది.

"ఆలోచన నాదే సార్," అన్నాను. అబద్ధమే. ఆ గదిలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకున్నాను.

ఆమె మూలనుంచి ముందుకొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"సారు నా కోసం అబద్ధమాడుతుండు," అంది. "గోలెం మాట నాదే. నేనే జెప్పిన. గోలెంల కుడితి ఉంటదని మా బర్రెకు ఎరుకే, మందు ఉంటదని దానికెవరు జెప్పాలె? గోలెం ఎవరు వెట్టమన్నరని అడిగిండ్రు, జెప్పిన. ఇగ సున్నం ఎవరు ఎయ్యమన్నరో, గది గూడ అడుగుండ్రి."

 మేస్త్రీ నేల చూపులు చూశాడు. ఆఫీసరు ముఖం పాలిపోయింది. ఆయన తెలివితక్కువవాడు కాదు, ఆ రెండు పూతల సున్నం ఏం చేసిందో బహుశా ఆ క్షణంలోనే మొదటిసారి అర్థమై ఉంటుంది. కాసేపటికి, గుంతల పని నువ్వు చేసుకోవచ్చు, ఇబ్బంది లేదు అన్నాడు. అంతకంటే ఏం చేయాలో ఆయనకూ తెలియలేదు. ఇంకెవరినైనా చూసుకోండని చెప్పి ఆమె బయటికి నడిచింది.

నేను ఆమె వెనకే వెళ్లాను, ఏదో చెప్పాలని. ఆమె గేటు వైపు పోలేదు. మొదటి లైను వెనకకు పోయి, మొదటి గోలెం అంచు పట్టుకుని ఒరిగించి, లోపలున్నదంతా నేల మీద పారబోసి, గోలేన్ని బోర్లించింది. రెండోది బోర్లించింది. పక్క లైనుకు పోయింది. పాడి పోయిన ఇంటి ముందు గోలేన్ని బోర్లించి పెడతారు. మా ఊళ్లోనూ అంతే, ఇక్కడా అంతే. చూసినవాళ్లెవరికీ ఎవరూ వివరించనక్కర లేకపోయింది.

వాచ్‌మన్ ఒకడు ఆపబోయాడు. మేస్త్రీ వెనకనుంచి వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. లైన్ల వెనక తలుపులన్నీ తెరిచి ఆడవాళ్లు నిలబడ్డారు. మా లైను వచ్చింది. ఆమె ఇంకా రెండిళ్ల దూరంలో ఉండగానే మా ఆవిడ మెట్లు దిగింది. చీర చెంగు నడుముకు దోపుకుని గోలెం అంచు పట్టుకుంది. బలం చాలక ఒకసారి జారింది, కుడితి కాళ్ల మీద పడింది. మళ్లీ పట్టి బోర్లించింది. ఆమె వచ్చి మా ఆవిడను చూసింది.  ఆ తరువాత ఆమెకు ఎక్కువ గోలేలు మిగల్లేదు, ముందున్న లైన్లలో ఎవరింటి వెనకది వాళ్లే బోర్లించారు. నేను మాత్రం ఆఫీసు ఇచ్చిన టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

పథకం అంతటితో పోయింది. గుంతలు మూయించారు. కొన్ని నెలలకు తవ్వితే ఎరువు నల్లగా, మట్టి వాసనతో ఉంది, నేను జీవితంలో చూసిన వాటిలో అంత మంచి ఎరువు లేదు. పార్కులో రోజాలకు వేశారు. బాగా పూశాయి. ఆఫీసరు బదిలీ మీద వెళ్లేటప్పుడు నన్ను పిలిచి, ఆమెకు ఇంకో గేదె ఇప్పించడానికి పైవాళ్లకు చెప్పి చూశాను, ఒప్పుకోలేదు అన్నాడు. నిజమే అయ్యుంటుంది. గోలేల్లో కొన్నిటికి అడుగున చిల్లులు పెట్టి క్రోటన్ మొక్కలు నాటారు. మా ఆవిడ ఆ దారిన నడవడం మానేసింది.

డెబ్బైలు గడుస్తుండగా పటాన్‌చెరు దిక్కు పొగ గొట్టాలు ఒకటొకటిగా లేచాయి. మందుల ఫ్యాక్టరీలు, రంగుల ఫ్యాక్టరీలు. ఆమె అలాంటి ఒకదాంట్లో డ్రమ్ములు కడిగే పనికి కుదిరిందని విన్నాను. అప్పటికి ఆ దిక్కున వాగు నీళ్లు ఒక్కో రోజు ఒక్కో రంగులో పారుతున్నాయని జనం చెప్పుకోవడం మొదలైంది. మా ఆవిడ పోరు పెడితే ఒక ఆదివారం ఇద్దరం పల్లెకు వెళ్లాం.

గుమ్మం ముందు గోలెం నిలబెట్టి ఉంది. దాని పక్కన కట్టేసిన గేదె, అప్పటి దుడ్డే. ఆనాడు ఇంటి దగ్గర కట్టేసి ఉండడం వల్ల బతికి, పెరిగి, ఈనింది కూడా. పనినుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఆమె చేతులు మోచేతుల దాకా పసుపు రంగులో ఉన్నాయి, కడిగినా పోదట ఆ రంగు. మమ్మల్ని చూసి సంతోషపడింది. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, అత్త పోయిన సంగతి చెప్పింది. గోలేల మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రమైంది. గేదె తాడు లాగుతోంది. ఆమె లేచి బిందెలో కుడితి గోలెంలో పోసింది, కాస్త తవుడు వేసి చెయ్యి పెట్టి కలిపింది. గేదె మూతి చాస్తే మోచేత్తో అడ్డం నెట్టింది. వేళ్లు పైకి తీసి నాలుక మీద పెట్టుకుంది. అలా కాసేపు ఆగి, పక్కకు ఉమ్మింది. నేను చూస్తున్నానని గమనించింది.

"ఏం జేయాలె సారూ," అంది, "దానికి జెప్పరాదు గదా."

అప్పుడు తాడు వదులు చేసింది.